నీళ్ళు ఆగిన రోజు

వేదిక మీది బల్లకి ఆకుపచ్చ గుడ్డ పరవాలి. గ్లాసులు కడిగి, తుడిచి, బోర్లించాలి. పేర్ల పలకలు పెట్టాలి, ముఖ్య అతిథిది మధ్యలో. వాన కాబట్టి గుమ్మాల దగ్గర గోనెపట్టాలు వెయ్యాలి, తడిసిన గొడుగులకి బకెట్లు పెట్టాలి. చేతిమైకులో బ్యాటరీలు మార్చాలి. ముందు రెండు వరసలు కమిషనర్‌గారి వెంట వచ్చేవాళ్ళకి అట్టేపెట్టాలి. గోడ తాతయ్యకి మైకు ఇవ్వకూడదు.

చివరిది చెప్పేటప్పుడు కోఆర్డినేటర్ మేడమ్ గొంతు మిగతావాటికంటే మెత్తగా ఉంది.

"ఈ ఒక్కసారికే. మీకు తెలుసుగా, ఏ సబ్జెక్టయినా ఆయన గోడ సంగతే అడుగుతాడు. పోయిన నెల ఆస్తి హక్కుల మీద జడ్జిగారు మాట్లాడితే గోడ. అంతకుముందు బాలల చట్టం అంటే దానికీ గోడే. ఇవాళ వచ్చేది మునిసిపల్ కమిషనర్‌గారు. మన కొత్త హాలు ప్లాను ఆయన దగ్గరే ఆగి ఉంది."

"అలాగే మేడమ్," అంది మైకమ్మ.

"అన్నట్టు మీ కాంట్రాక్టు కాగితం కూడా నా టేబుల్ మీదే ఉంది. ఈ గొడవ అయిపోయాక సాయంత్రం సంతకం పెట్టి పంపిస్తాను."

అది బెదిరింపు కాదు. గుర్తొచ్చి చెప్పింది, అంతే. కానీ పక్కపక్కన పడ్డ మాటలు ఒక్కోసారి వాటంతటవే అతుక్కుంటాయి. మైకమ్మ ఆకుపచ్చ గుడ్డ దులిపి పరిచింది. దాని అంచున ఎప్పుడో ఒలికిన కాఫీ మరక ఒకటి ఉంది. ఆ వైపు గోడకేసి తిప్పింది, జనానికి కనపడకుండా.

అది విశ్వవిద్యాలయం లా కాలేజీ సభాహాలు. పొడుగ్గా, ఎత్తయిన కిటికీలతో, మడత కుర్చీలతో ఉంటుంది. నెలనెలా అక్కడ ఒక ఉపన్యాసం పెడతారు. కాలేజీ వాళ్ళకే కాదు, ఊళ్ళో ఎవరికైనా ప్రవేశం ఉంటుంది. విద్యార్థులు వస్తారు, రిటైరయిన గుమాస్తాలు వస్తారు, ఏళ్ళ తరబడి కోర్టులో కేసు నలుగుతున్నవాళ్ళు వస్తారు, టీ బిస్కెట్ల కోసం వచ్చేవాళ్ళూ ఉంటారు. ఉపన్యాసం అయ్యాక ఎవరైనా చెయ్యెత్తి ప్రశ్న అడగొచ్చు. చెయ్యెత్తినవాళ్ళ దగ్గరికి మైకు నడిచి వెళుతుంది. ఆ మైకు పట్టుకుని నడిచే ఆవిడే మైకమ్మ. ఆ పేరు పెట్టింది ఎప్పటి పిల్లలో, వాళ్ళిప్పుడు లాయర్లయిపోయారు. పేరు మాత్రం హాల్లోనే ఉండిపోయింది.

మనిషి పొట్టి. మెడ కొంచెం ముందుకి వంగి ఉంటుంది, ఎవరో ఏదో మెల్లిగా చెబితే వింటున్నట్టు. బూడిదరంగు యూనిఫారం కోటు, జేబులో ఒక తుడుపు గుడ్డ, రెండు బ్యాటరీలు. హాల్లోకి రాగానే చెప్పులు విప్పి బల్ల కింద పెట్టేస్తుంది. నడుస్తుంటే అవి కిర్రుమంటాయని ఎప్పుడో ఒక అతిథి మొహం చిట్లించాడు. అప్పట్నుంచి ఎండాకాలమైనా చలికాలమైనా ఆ చల్లని గచ్చు మీద ఉత్తికాళ్ళే. మోకాళ్ళ నొప్పి అందుకేనంటుంది కూతురు. "పెద్దవాళ్ళ మాటలు వినీ వినీ వచ్చింది," అంటుంది తను.

భర్త ఇదే హాలుకి ఎలక్ట్రీషియన్. ఆయన జ్వరంతో పోయినప్పుడు పాపం అనుకుని ఈవిడకి ఊడ్చే పని ఇచ్చారు. మైకు తర్వాత వచ్చింది. మైకు వచ్చినా ఊడ్చే పని పోలేదు.

ఆ మైకుకి ఒక పద్ధతుంది. అది ఆవిడ చెయ్యి దాటదు. అడిగేవాళ్ళ గడ్డం కింద తనే పట్టుకుంటుంది, వాళ్ళు మాట్లాడతారు. మొదట్లో అలా ఉండేది కాదు. ఒకసారి, భూమి కేసు ఓడిపోయిన మనిషి ఒకడు మైకు అందుకుని ఇవ్వలేదు. దాన్ని గుండెకి హత్తుకుని కుర్చీల మధ్య కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు హాలంతా నాలుగు స్పీకర్లలోంచి వినిపించింది. వాచ్‌మన్ వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఆ మర్నాడే ఆజ్ఞ వచ్చింది, మైకు నీ చేతిలోంచి జారకూడదని. సైగ కూడా ఒకటి పెట్టుకున్నారు. వేదిక మీద మేడమ్ పెన్నుకి మూత పెడితే ఇక చాలు అని అర్థం. మైకమ్మ మణికట్టు రవ్వంత దిగుతుంది, కాలు ఒకటి వెనక్కి పడుతుంది. కుళాయి కట్టేసినట్టు మాట ఆగిపోతుంది. తనని ఆపారని అడిగినవాడికి తెలియదు, తనే ముగించాననుకుని కూర్చుంటాడు. కొందరు ఆవిడకి థాంక్స్ కూడా చెబుతారు.

అంత దగ్గరగా నిలబడడం వల్ల ఆవిడకి మనుషుల మాటలకంటే ముందు ఊపిరి తెలుస్తుంది. ఎవరు పొద్దున్నుంచి ఏమీ తినలేదో, ఎవరికి పన్ను పుచ్చిందో, ఎవరు మందుబిళ్ళ వేసుకుని వచ్చారో. భయపడ్డవాళ్ళ ఊపిరి ఇనుము వాసన వేస్తుంది. చట్టాల్లో ఆవిడకి మిగిలింది నాలుగైదు మాటలే. సహజ న్యాయం అనే మాట బాగా నచ్చింది. "మనింట్లో న్యాయం జరిగితే అదే అసహజం," అని కూతురితో అంటూ ఉంటుంది.

గ్లాసులు తుడుస్తుంటే ఆవిడకి పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఎప్పుడుంది కనక.

వాళ్ళుండేది గోడ కింద వీధిలో. ఒక వైపు రేకుల ఇళ్ళు, రెండో వైపు ఎత్తయిన రాతి గోడ. గోడకి అవతల, పైన, మునిసిపాలిటీ వాళ్ళు మట్టి పోయించి చదును చేసిన మైదానం ఉంది. వాన పడితే ఆ మైదానం నీళ్ళన్నీ గోడకి వదిలిన కన్నాల్లోంచి వీధిలోకి కారతాయి. ఎప్పుడూ అంతే. ఇటుకలు వేసుకుని వాటి మీద అడుగులేసుకుంటూ పోతారు. కూతురు కుట్టుమిషను కాళ్ళ కింద కూడా ఇటుకలే.

నిన్నటి నుంచీ తెరిపి లేకుండా వాన. అయినా ఇవాళ వీధి తడిగా ఉంది గానీ నీళ్ళు లేవు. కూతురు తన పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి, "గోడకి బుద్ధొచ్చిందమ్మా," అని నవ్వింది. పక్కింటావిడ ముగ్గురు పిల్లల్నీ గుమ్మం బయట చూరు కింద కూర్చోబెట్టి పలహారం పెట్టింది. పండగలా ఉంది వీధి.

గోడ తాతయ్య ఒక్కడే నవ్వలేదు. చివరింటికి ముందిల్లు ఆయనది, ఒంటరి మనిషి, మైకమ్మకి వీధి వరసలో మామయ్య. ఊరి పంపుహౌసులో పనిచేసి రిటైరయ్యాడు. చెవులు అక్కడే సగం పోయాయి. గొడుగు చంకలో ఇరికించుకుని, అరచెయ్యి గోడకి ఆనించి నిలబడ్డాడు, జ్వరం చూస్తున్నట్టు.

"కోడలు పిల్లా, కన్నాల్లోంచి నీళ్ళు రావడం లేదు."

"మంచిదేగా మామయ్యా."

"వాన ఆగిందా?"

"లేదు."

"మరి ఆ నీళ్ళెక్కడికి పోతున్నాయి?"

మైకమ్మ గోడ వంక చూసింది. రాళ్ళు నల్లగా, నిండుగా ఉన్నాయి.

"పైన వాళ్ళు మట్టి తోశారు. కన్నాలు పూడిపోయాయి," అన్నాడాయన. "నీళ్ళకి దారి మూస్తే ఊరుకోవమ్మా. నలభయ్యేళ్ళు వాటితోనే కాపరం చేశాను. మా ఆవిడకంటే వాటి కోపమే నాకు బాగా తెలుసు."

"ఆఫీసుకి వెళ్ళి చెప్పకపోయారా?"

"నిన్న వెళ్ళాను. నన్ను చూడగానే గేటు దగ్గరివాడే, గోడ బాగుందా తాతయ్యా అన్నాడు. పెళ్ళయిన కూతురి క్షేమం అడిగినట్టు." ఆయన గోడ మీంచి చెయ్యి తీసి, తడి చొక్కాకి తుడుచుకున్నాడు. "తప్పు నాదేలే. ఇన్నాళ్ళూ పడిపోతుంది పడిపోతుందని అరిచాను. అరిచినప్పుడల్లా అది నిలబడింది, నేను పడ్డాను. ఇవాళ ఆ మాట అనను. కమిషనర్ మీ హాలుకే వస్తున్నాడుగా. నీళ్ళు ఆగిపోయాయి, ఒక మనిషిని పంపి కన్నాలు చూపించండి అంటాను. ఒక్క ముక్క. నువ్వు మైకు పట్టుకో, చాలు."

"అలాగే మామయ్యా," అంది మైకమ్మ.

అలా ఒక్క పొద్దుట్లో రెండుసార్లు అలాగే అంది, ఇద్దరు మనుషులకి. ఒక అలాగే నిలబడాలంటే రెండోది కూలాలి. ఆవిడ జీవితంలో అలాంటి ఇబ్బంది ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఎప్పుడూ ఒకే వైపు నుంచి అడిగేవాళ్ళు.

మధ్యాహ్నం దాటాక కిటికీ పక్కన నిలబడి కూతురికి ఫోన్ చేసింది.

"పాపని తీసుకుని పిన్ని ఇంటికి పోవే. మలుపు దాటితే వాళ్ళిల్లే కదా."

"ఎందుకు?"

"ఊరికే. వాన ఆగేదాకా."

"ముసలాయన నీ చెవి కూడా కొరికాడా? పొద్దున్నుంచి ఇంటింటికీ తిరిగి గోడ గోడ అని ప్రాణం తీస్తున్నాడు. నేను రేపటికి రెండు గౌన్లు ఇవ్వాలి. మిషను నెత్తిన పెట్టుకుని పోనా?"

"మిషను వదిలేసి పో."

"అమ్మా, మొదటిసారి గుమ్మంలో నీళ్ళు లేవు. ఈ ఒక్కరోజు మమ్మల్ని హాయిగా ఉండనివ్వండి తల్లీ, మీ కోడలు మామయ్యలిద్దరికీ దణ్ణం పెడతాను."

ఫోన్ పెట్టేశాక కూడా మైకమ్మ అక్కడే నిలబడింది. కిటికీ అద్దం మీద నీళ్ళు కిందికి జారుతున్నాయి. కనీసం వీటికి దారుంది అనుకుంది.

హాలు నిండింది. వాననాడు కూడా అంతమంది రావడం ఆశ్చర్యమే. తడి బట్టల వాసన, గొడుగుల నుంచి కారే చుక్కల చప్పుడు. గోడ తాతయ్య కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భుజాల మీద అది తడిసి ఒంటికి అంటుకుంది. మధ్య వరసలో చివరి కుర్చీలో, నడవ పక్కన కూర్చున్నాడు, మైకుకి దగ్గరగా ఉంటుందని. మైకమ్మని చూసి కనుబొమలెగరేశాడు. ఆవిడ గ్లాసుల్లో నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయింది.

కమిషనర్‌గారు మంచి వక్త. గొంతులో కరుకు లేదు. పౌరుడు, పురపాలన, చట్టం అనే విషయం మీద కాగితం చూడకుండా మాట్లాడారు. ప్రశ్న అడిగే పౌరుడే నగరానికి కాపలాదారు అన్నారు. చప్పట్లు కొట్టారు. గోడ తాతయ్య చేతులెత్తి మరీ కొట్టాడు. వాన చప్పుడు పెరుగుతున్నకొద్దీ స్పీకర్ల గొంతు పెంచారు, స్పీకర్లు పెంచినకొద్దీ వాన పెరిగినట్టనిపించింది. ఒక దీపం వెలుగు తగ్గి మళ్ళీ సర్దుకుంది. జనం ఒక్కసారి పైకి చూసి తలలు దించారు.

ప్రశ్నలకి సమయం వచ్చింది. మైకమ్మ జేబులో గుడ్డకి చెయ్యి తుడుచుకుని మైకు తీసుకుంది.

చెయ్యెత్తినవాళ్ళలో మొదటివాడు గోడ తాతయ్యే. ఆవిడ ఆయన పక్కనుంచి నడిచి వెనక వరసలో ఒక విద్యార్థిని దగ్గరికి వెళ్ళింది. పన్నుల గురించి అడిగిందా పిల్ల. రెండోసారి మళ్ళీ ఆయన పక్కనుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. "కోడలు పిల్లా, ఇటు," అన్నాడాయన నవ్వుతూ, తనని చూడలేదనుకుని. ఆవిడ గచ్చు వంక చూస్తూ దాటిపోయింది. ఒక రిటైర్డు గుమాస్తా లైసెన్సుల గురించి మొదలుపెట్టి తన పింఛనులోకి దిగాడు. వేదిక మీద పెన్నుకి మూత పడింది. ఆవిడ మణికట్టు దిగింది. గుమాస్తా కూర్చున్నాడు.

వెనక్కి వస్తుంటే చూసింది. గోడ తాతయ్య చెయ్యి ఇంకా లేచే ఉంది, కానీ మోచెయ్యి వంగింది. ఆయన వేదిక మీది మేడమ్‌ని చూశాడు, ఆ పెన్నుని చూశాడు, తర్వాత మైకమ్మని చూశాడు. ఆయనకి అర్థమైంది. చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు. పెట్టుకుని, ఆవిడ వైపు మెల్లిగా తల ఊపాడు. ఫరవాలేదులే, నీ ఉద్యోగం నీది అన్నట్టు.

కోప్పడి ఉంటే ఆవిడ దాటిపోయేదే. కోపాలు చాలా దాటింది.

"చివరి ప్రశ్న," అంది మేడమ్, ముందు వరసలో ఒక కుర్రలాయరుని చూపించి. మైకమ్మ అటే బయల్దేరింది. నడవ మధ్యలో కాళ్ళు ఆగాయి. తిరిగి వచ్చి, గోడ తాతయ్య మోకాలి మీదున్న చెయ్యి ఎత్తి, అరచేతిలో మైకు పెట్టి, వేళ్ళు మూసింది. రెండడుగులు వెనక్కి వేసి తన చేతులు వెనక కట్టుకుంది.

మేడమ్ పెన్నుకి మూత పెట్టింది. మూత తీసి మళ్ళీ పెట్టింది. దించడానికి మైకమ్మ చేతిలో ఏమీ లేదు.

గోడ తాతయ్య లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు మాట్లాడినా ఆయన మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ అది చంటిపిల్లకి చెంచా వచ్చినట్టు గడ్డం కిందికి దానంతటదే వచ్చేది. ఇప్పుడు దాన్ని టార్చిలైటులా నడుము దగ్గర పట్టుకున్నాడు. రెండో చెయ్యి ప్యాంటు జేబులో దేనికోసమో తడుముతోంది. తల వంచి ఆ జేబుతోనే చెబుతున్నట్టు మాట్లాడాడు.

పెదాలు కదిలాయి. వాన వినిపించింది.

"వినపడలేదు," అన్నారెవరో వెనకనుంచి.

ఆయన ఇంకా గట్టిగా చెప్పాడు, మైకు ఇంకా కిందికి దిగింది. సగం చెవిటివాడు, తన గొంతు ఎంతో తనకి తెలియదు.

"ఇంకేముంది, గోడే," అన్నాడు ఇంకొకాయన. హాలు నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. వాన, పొద్దుపోవడం, టీ వేళ కావడం, అన్నీ కలిసిన నవ్వు. కమిషనర్‌గారి చెవిలో పక్కనున్నాయన ఏదో చెప్పాడు. ఆయనా నవ్వి, "పెద్దాయనా, మీ గోడ సంగతి చూద్దాం," అన్నారు.

ఒక్క అడుగు వేస్తే సరిపోయేది. ఆ ముసలి మణికట్టు కింద చెయ్యి పెట్టి గడ్డం దాకా లేపితే సరిపోయేది. మైకమ్మకి అది తెలుసు, ఆవిడ చేసే పనే అది. కానీ ఆ మైకు మళ్ళీ తన చేతికి తగిలితే, వేదిక మీద పెన్ను మూత కనపడితే, చెయ్యి ఏం చేస్తుందో కూడా తెలుసు. తన చేతిని తనే నమ్మలేక వెనక కట్టుకుని నిలబడింది. నమ్మినా మానినా అడుగు వేద్దామని కదిలేసరికి, స్పీకర్లలోంచి వచ్చే సన్నని హోరు ఆగిపోయింది. మైకు ఆపించేశారు. మేడమ్ వేదిక మైకులో అందరికీ కృతజ్ఞతలు చెబుతోంది.

టీ దగ్గర జనం మూగారు. గోడ తాతయ్య వరండాలోకి నడిచాడు గానీ, అప్పటికే గొడుగుల కింద కమిషనర్‌గారు కారెక్కారు. కారు వెనక దీపాలు వానలో ఎర్రగా పాకి పోయాయి. ఆయన తిరిగి వచ్చి మైకు ఇచ్చాడు.

"ఇంత బరువుంటుందనుకోలేదు," అన్నాడు. "రోజూ ఎలా మోస్తున్నావో."

"మామయ్యా, నేను…"

"ఊరుకో. చూద్దాం అన్నాడుగా. చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాను గానీ, చెవిటివాడే శంఖం ఊదితే ఇలాగే ఉంటుంది." నవ్వబోయి ఆపేశాడు. బయట వాన వంక చూశాడు. "మీ పిల్లని పంపించేశావా?"

"చెప్పాను. వినడం లేదు. గౌన్లు కుట్టాలట."

"నేను వెళ్ళి చెబుతాను. మాటకి కదలకపోయినా, నా నస పడలేక కదులుతుంది. నాకు చేతనైంది అదేగా."

గొడుగు విప్పుకుని దిగాడు. గేటు దాటేదాకా మైకమ్మకి ఆయన వీపు కనిపించింది, ఒక భుజం పైకి, ఒకటి కిందికి. గేటు దగ్గర ఆగి వాచ్‌మన్‌తో ఏదో అన్నాడు. వాచ్‌మన్ నవ్వాడు.

ఆవిడా వెళ్ళిపోదామనుకుంది. కానీ గ్లాసులున్నాయి, గుడ్డలు మడవాలి, గోనెపట్టాలు పిండాలి. మేడమ్ చేతిసంచీ తీసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"మైకు ఎందుకిచ్చారు?"

"చెయ్యి జారింది మేడమ్."

మేడమ్ చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. "రేపు మాట్లాడదాం," అంది. కాగితం మాట ఎత్తలేదు.

హాలు ఖాళీ అయింది. మైకమ్మ గ్లాసులు కడుగుతోంది. వాన ఒక్కసారి సన్నబడింది. ఆ నిశ్శబ్దం ఆవిడకి నచ్చలేదు. తడి చెయ్యి కోటుకి తుడుచుకుని ఫోన్ తీసేలోపు అదే మోగింది.

"నీ మామయ్యకి ఏమైనా పిచ్చా?" కూతురి గొంతు. "గుమ్మంలో నిలబడి ఒకటే గోల. పాప ఏడుపు లంకించుకుంది. పోనీ రేపు పొద్దున పోతాలే తాతయ్యా అంటే వినడే. మిషను మీద గుడ్డ లాక్కుని సంచీలో కుక్కాడు. ఆ నస పడలేక పిన్ని ఇంటికి వచ్చేశాను. నన్నే కాదు, వీధి వీధంతా తరిమాడు. అందరం మలుపులో నిలబడి ఆయన్ని తిట్టుకుంటున్నాం."

"మంచిపని చేశావు," అంది మైకమ్మ. "ఆయన్ని కూడా రమ్మను. వేడిగా ఏమైనా ఇవ్వండి."

"పిలుస్తూనే ఉన్నాం. చివరింటి తలుపు కొడుతున్నాడు. వాళ్ళు ఊళ్ళో లేరు, తాళం వేసుంది తాతయ్యా, వచ్చెయ్ అని పక్కింటాయన అరుస్తున్నాడు. ఆయనకి…"

ఫోన్లో ఒక చప్పుడు వచ్చింది. లారీలోంచి కంకర దింపుతున్నట్టు, దింపుతూనే ఉన్నట్టు. పెద్దది కాదు. పొడుగ్గా ఉంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"అమ్మా," అంది కూతురు. ఇంకాసేపటికి మళ్ళీ, మెల్లిగా, "అమ్మా."

మైకమ్మ కుళాయి కట్టేసింది. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి బయల్దేరింది.

ఆ సాయంత్రమే మనుషులు వచ్చారు, యంత్రాలు వచ్చాయి. మట్టి తీశారు. ఇళ్ళు ఏవీ మిగల్లేదు. మిషను వంకరపోయి దొరికింది. మనిషి ఒక్కడే పోయాడని, అదృష్టం బాగుందని అందరూ అనుకున్నారు. నిజమే, అది లెక్క ప్రకారం అదృష్టమే. వీధిలో ఆడవాళ్ళు మాత్రం, ఆయన్ని చివరిగా తిట్టిన తిట్లు ఏవో ఒకరికొకరు చెప్పుకోలేక ఊరుకున్నారు.

కాంట్రాక్టు కాగితం మీద సంతకం పడింది. ఆ మాట చెప్పడానికి మేడమే హాల్లోకి వచ్చింది. వచ్చి, చెప్పి, పోకుండా నిలబడింది.

"ఆ రోజు ఆయన ఏం అడగబోయాడు?"

"నీళ్ళు ఆగాయని చెప్పబోయాడు మేడమ్."

"అంతేనా?"

"అంతే."

మేడమ్ తల ఊపి వెళ్ళిపోయింది. తర్వాతి నెల నగర భద్రత మీద ఉపన్యాసం పెట్టారు. మొదట ఒక నిమిషం మౌనం పాటించారు. ప్రశ్నల వేళ మైకమ్మ ఎప్పటిలాగే నడిచింది. పెన్నుకి మూత పడ్డప్పుడు ఆవిడ మణికట్టు వెంటనే దిగడం లేదు. మేడమ్ కూడా రెండోసారి మూత పెట్టడం మానేసింది. ఈ మధ్య ప్రశ్నలు కాస్త పొడుగవుతున్నాయని హాల్లో కొందరు విసుక్కుంటున్నారు.

ఇంకొక్కటి చెప్పాలి. ఆ ప్రమాదం జరిగిన మూడోనాడు హాలు ఊడుస్తుంటే, మధ్య వరసలో చివరి కుర్చీ కింద ఒక చేతిరుమాలు మూట దొరికింది. మైకు పట్టుకుని, జేబు తడుముకుని, ఆయన తీసి చూపించాలనుకున్నది అదే అయ్యుండాలి, అప్పటికే కుర్చీ కిందికి జారిపోయి ఉంటుంది. విప్పితే గోడరాయి ముక్క, గుప్పెడంత. పూడిపోయిన కన్నం అంచు నుంచి ఊడివచ్చింది కాబోలు, ఒక పక్క గుండ్రంగా ఒరుసుకుపోయి, ఆ వంపులో ఎండిన మట్టి బిగించి కూరినట్టు ఉంది. మైకమ్మ రుమాలు ఉతికి దాచుకుంది. రాయిని పారెయ్యలేక, ఎవరికి చూపించాలో తెలియక, వెనక తలుపు పక్కన పెట్టింది. కొన్నాళ్ళకి ఎవరో దాన్ని తలుపుకి అడ్డం పెట్టడం మొదలుపెట్టారు, గాలికి మూసుకోకుండా.

మీరు ఎప్పుడైనా అలాంటి సభకి వెళ్ళి ఆలస్యమై వెనక తలుపులోంచి లోపలికి వస్తే, కింద చూసుకుని నడవండి. ఆ రాయిని కాలితో తొయ్యకండి. వీధినంతా విసిగించి బయటికి పంపి, తాళం వేసిన ఇంటి ముందు ఇంకా తలుపు కొడుతూ నిలబడ్డ గోడ తాతయ్యని ఒక్కసారి తలుచుకోండి. తలుపు తెరిచే ఉంటుంది, దాని కింద ఆ ముక్క, వంపులో మట్టి ఇంకా రాలకుండా.